ట్యాగ్ లేని సరుకు

రామాంజినప్పకి ఒక జబ్బుంది. దానికి మందు వెతికి వెతికి భార్య సొన్నమ్మ పాతికేళ్ళుగా విసిగిపోయింది. ఎవరైనా ఏదైనా "బాగుంది" అంటే చాలు, "నువ్వు చూసినావా?" అని అడుగుతాడు. పెళ్ళి పందిట్లో పక్కాయన భోజనం బ్రహ్మాండం అన్నాడనుకోండి, "పాయసం ఇంకా రాలేదు కదప్పా, అప్పుడే యాల చెప్తావు" అంటాడు. బావమరిది గృహప్రవేశానికి పిలిస్తే జేబులోంచి టేపు తీసి గుమ్మం కొలిచాడు. అర అంగుళం వంకర ఉంది. ఆ సంగతి పురోహితుడి ఎదుటే చెప్పాడు. తరువాత రెండేళ్ళు ఆ ఇంటి నుంచి పిలుపు రాలేదు.

ఈ జబ్బు ఆయనకి బెంగళూరులో ఫ్యాక్టరీల పేట పీణ్యలో అంటుకుంది. అక్కడ ఒక చిన్న లేత్ షాపులో ఇరవై ఆరేళ్ళు ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరంటే టోపీ, లాఠీ కాదు. చేతిలో మైక్రోమీటరు, పక్కన రంగు ట్యాగులు, అంతే. లేత్ మీద నుంచి దిగిన ప్రతి బుష్షునీ, అంటే ఇనుప గొట్టం ముక్కనీ, కొలిచి, సరిగ్గా ఉంటే పచ్చ ట్యాగు, లేకపోతే ఎర్ర ట్యాగు కట్టాలి. ఇంకా కొలవనివి ఏ ట్యాగూ లేకుండా వేరే ట్రేలో కూర్చుంటాయి. ఒకసారి లారీ గేటు ముందు హారన్ కొడుతుంటే యజమాని పరుగున వచ్చి, "మిగిలిన నాలుగొందలకీ పచ్చ కట్టేయప్పా, పొద్దున్నుంచీ ఒక్కటీ తప్పు రాలేదు కదా" అన్నాడు. రామాంజినప్ప మైక్రోమీటరు కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. "కొలవనిది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు సార్. కొలవనిది, అంతే" అన్నాడు. లారీ ఖాళీగా వెళ్ళింది. యజమాని నెల రోజులు మాట్లాడలేదు గానీ పనిలోంచి తీయనూ లేదు. అలాంటి మనిషిని తిట్టుకుంటూ అయినా అట్టిపెట్టుకోవాలని ఆయనకి తెలుసు.

ఆ యజమాని పోయాక కొడుకులు షాపు మూసేశారు. యాభై ఏడేళ్ళ ఇన్‌స్పెక్టరుని ఎవరు పెట్టుకుంటారు? చివరికి ఒక ఏజెన్సీ వాళ్ళు కుందలహళ్ళిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆఫీసు అసిస్టెంటుగా వేశారు. కాఫీ మెషీన్‌లో పాలు పోయడం, ఏసీ మెకానిక్కుని పిలవడం, సాయంత్రం లైట్లు ఆర్పి తాళం వేయడం ఆయన పని. షరతు ఒకటే. కంపెనీ నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా మనిషిని తీసేస్తారు, ఇంకోచోట ఇస్తామన్న మాట లేదు. రోజూ దాసరహళ్ళిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, ఊరి ఆ కొస నుంచి ఈ కొసకి వస్తాడు. సొన్నమ్మ మాత్రం వీధిలో అందరికీ "మా ఆయన సాఫ్ట్‌వేర్‌లో ఉండాడు" అని చెప్పుకుంటుంది. అది అబద్ధం కాదు కాబట్టి ఆయన సరిదిద్దలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూడటం ఆయనకి మహా ఇష్టం. ఈ పని పోతే ఆ మొహం ఎలా ఉంటుందో ఊహించుకోవాలంటేనే భయం.

ఆ కంపెనీ ఏం చేస్తుందో మొదటి వారంలోనే ఆయనకి అర్థమైపోయింది, ఎందుకంటే అది తన పాత పనే. వేరేవాళ్ళ వెబ్‌సైట్లు సరిగా నడుస్తున్నాయా లేదా అని ఒక ప్రోగ్రాం ఐదు నిమిషాలకోసారి వెళ్ళి పరీక్ష చేస్తుంది. చందాపురలో బస్సుల యజమాని వెంకటగిరియప్ప ఉన్నాడు, ఆయన టికెట్ల సైటే తీసుకోండి. ప్రోగ్రాం అందులోకి వెళ్ళి "పిల్లమ్మ, వయసు 72, చందాపుర నుంచి కుప్పం" అని ఒక సీటు బుక్ చేస్తుంది, టికెట్ వచ్చిందో లేదో చూస్తుంది, వెంటనే రద్దు చేస్తుంది. రోజుకి రెండొందల ఎనభై ఎనిమిది సార్లు. ఆ పరీక్ష రాసిన చైత్ర తన అవ్వ పేరు పెట్టింది. అసలు పిల్లమ్మ ముళబాగిలు దాటి ఎరగదు.

చైత్రకి ఇరవై ఆరేళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన పిల్ల. కాఫీ తాగాలని కాకపోయినా, కాస్త ఇంటి తెలుగు మాట్లాడొచ్చని రామాంజినప్ప దగ్గరికి రోజుకి మూడుసార్లు వస్తుంది. వాళ్ళు నిలబడే చోటికి ఎదురుగా గోడ మీద పెద్ద టీవీ. అందులో నలభై గళ్ళు, గడికొక పరీక్ష. అన్నీ పచ్చ. మేనేజరు దర్శన్ వచ్చిన ప్రతి క్లయింటునీ ముందు ఆ గోడ దగ్గరికే తీసుకొచ్చి చూపించి మురిసిపోయేవాడు. రామాంజినప్పకి మాత్రం దాన్ని చూస్తే లోపల ఏదో గీరుతుండేది.

"ఎనిమిది నెలల్లో ఎర్రగడి మూడుసార్లే చూసినా పాపా. రిజెక్టు లేని షాపు యాడైనా ఉంటాదా?"

"మనం బాగా చేస్తాండాం అంకుల్, అందుకే."

"నువ్వు చూసినావా?"

చైత్ర నవ్వి కప్పు పెట్టేసి వెళ్ళిపోయింది.

అంతలో ఆయుధపూజ వచ్చింది. దర్శన్ పూజ పని మొత్తం రామాంజినప్పకి అప్పగించాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే, కానీ ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

పీణ్యలో ఆయుధపూజంటే మెషీన్లకి సెలవు. నూనె తుడిచి, విభూతి పట్టెలు పెట్టి, బంతిపూల దండ వేసి, మెయిన్ ఆపేస్తారు. విజయదశమి దాటాక పొద్దున్నే కర్పూరం వెలిగించి మళ్ళీ ఆన్ చేస్తారు. ఏడాదంతా చాకిరీ చేసినదాన్ని పండగ పూట కూడా తిప్పడం పాపమని ఆయన నమ్మకం. తీరా ఇక్కడ చూస్తే, బుధ, గురువారాలు పండగ సెలవని మంగళవారం సాయంత్రమే అందరూ ల్యాప్‌టాప్‌కి ఒక బొట్టు పెట్టించుకుని, బొరుగుల పొట్లం అందుకుని, అదే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని పోయారు. ఇదేం పూజ అని ఆయనకి చిర్రెత్తింది. చేతిలో ఇంకా రెండు మూరల పూలు మిగిలాయి.

అప్పుడు స్టోర్‌రూములో, విరిగిన కుర్చీల వెనక, ఒక నల్లటి కంప్యూటర్ పెట్టె కనబడింది. స్క్రీన్ లేదు, కీబోర్డు లేదు, పైన వేలెడు మందం దుమ్ము. ఫ్యాను మాత్రం లోపల గుర్రుమంటోంది. "అయ్యో పాపం, నిన్నెవరూ పట్టించుకోలేదా" అనుకున్నాడు. తడిగుడ్డతో తుడిచాడు. బటన్ నొక్కి ఆపాడు. మూడు పట్టెలు పెట్టి, బటన్ మీద కుంకుమ అద్ది, మిగిలిన పూలన్నీ దానికే చుట్టాడు. బయటికొచ్చి గుమ్మంలో బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, తాళం వేసి, తృప్తిగా ఇంటికి పోయాడు.

కంపెనీలో ముగ్గురే ఉన్న రోజుల్లో కొన్న పెట్టె అది. నలభై పరీక్షలూ నడిచేది దాంట్లోంచే. ఏనాడూ మొరాయించలేదు కాబట్టి, అలాంటిదొకటి ఉందని అందరూ మరిచిపోయారు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి వెంకటగిరియప్ప సైటు పడకేసింది. సీటు ఎంచుకునేదాకా బాగానే ఉంటుంది, తరువాత చక్రం తిరుగుతూ ఉంటుంది, టికెట్ రాదు. పండగ జనం చందాపుర బుకింగ్ ఆఫీసు ముందు మూగి ఆయన్ని నిలదీశారు. ఆయన దర్శన్‌కి ఫోన్ చేశాడు. దర్శన్ ఇంట్లో పండగ ఓళిగలు తింటూ ఎడమచేత్తో ఫోన్‌లో బోర్డు చూశాడు. నలభైకి నలభై పచ్చ. "మా సైడ్ అంతా పర్ఫెక్ట్, బోర్డంతా పచ్చగా ఉంది సార్, మీ ఇంటర్నెట్ ఒకసారి చెక్ చేయించండి" అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి వెంకటగిరియప్ప మనుషులే తప్పు కనిపెట్టి సరిచేసుకున్నారు. ఆయన మళ్ళీ ఫోన్ చేసి ఒక్క మాటే అన్నాడు. "సోమవారం వస్తాండా."

శుక్రవారం అందరికంటే ముందు రామాంజినప్ప వచ్చాడు. కర్పూరం వెలిగించి పెట్టెని లేపాడు, వాడిన పూలు తీసేశాడు. పది గంటలకి కాఫీ ట్రేతో వెళ్ళేసరికి చైత్ర మొహం వేలాడేసుకుని కూర్చుంది. దర్శన్ గదిలో తలుపేసుకుని ఫోన్‌లో ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నాడు.

"ఏమైంది పాపా?"

చైత్ర స్క్రీన్ ఆయన వైపు తిప్పింది. "ఇది చూడండి అంకుల్. మన కోడ్‌లో పరీక్షకి రెండే గతులు. ఫెయిల్, లేకపోతే పాస్. ఫెయిల్ అని వార్త రాకపోతే బోర్డు పచ్చ చూపిస్తాది."

"పరీక్షే జరగకపోతే?"

"జరగకపోతే ఫెయిల్ వార్త రాదు కదా. అందుకే పచ్చ. రెండు దినాలు ఒక్క పరీక్ష కూడా నడవలేదు."

రామాంజినప్ప ట్రే బల్ల మీద పెట్టేశాడు. ఇరవై ఆరేళ్ళ పీణ్య ఒక్కసారిగా ఒంట్లోకి వచ్చింది. "అంటే ఇన్‌స్పెక్టరు ఇంట్లో ముసుగుతన్ని పండుకున్నా సరుకు పాసా? ఎవడమ్మా ఇది రాసింది? మా షాపులో అయితే వాణ్ణి గేటు బయట నిలబెట్టేవాళ్ళు."

ఏ లైను ఎవరు రాశారో కోడ్ గుర్తుపెట్టుకుంటుంది. చైత్ర వెతికింది. ఆరేళ్ళ కిందట, దర్శన్. ఇద్దరూ ఆ మూసిన తలుపు వైపు చూశారు.

"అయితే నిలబెట్టేది కష్టమే" అన్నాడు రామాంజినప్ప. "సరే, పరీక్షలు యాల ఆగినాయంట?"

"అదే తెలీడం లేదు అంకుల్. స్టోర్‌రూములో ఒక పాత పెట్టె ఉండాది. మంగళవారం సాయంత్రం ఆరు పదికి ఆగిపోయింది. ఈ పొద్దున ఎనిమిదిన్నరకి దానంతట అదే లేచింది."

తేలు కుట్టిన దొంగ కూడా కాస్త మూలుగుతాడేమో. రామాంజినప్ప అదీ చేయలేదు. ట్రే తీసుకుని, కాఫీలు ఇవ్వకుండానే, పాంట్రీలోకి నడిచాడు. ఇంతసేపూ ఎవణ్ణో గేటు బయట నిలబెట్టాలన్న మనిషే ఆ పెట్టెని ఆపింది.

పావుగంట తరువాత చైత్ర వచ్చి, చేతిలో ఉన్న బంతిపూరేకు బల్ల మీద పెట్టింది. "స్విచ్ మీద కుంకుమ ఉండాది అంకుల్. నేనెవరికీ చెప్పలేదు. ఆ బస్సులాయనకి కరెంటు పోయిందని చెప్పేద్దామంటాడు దర్శన్ సార్." కాగితం ఒకటి తీసి, "ఆ కోడ్ మాత్రం మార్చల్ల. ఎన్ని రకాల ట్యాగులు పెట్టాలో మీరు చెప్పండి" అంది.

ఆమె అప్పటికే పదకొండు రాసుకొచ్చింది. క్యూలో ఉంది, మొదలవుతోంది, సగంలో ఆగింది, అనుమానంగా ఉంది, ఇంకా ఏవేవో. ఆయన ఒక్కోదాని మీదా వేలు పెట్టి, "ఇది చూసి ఎవరు లేచి ఏం చేయల్ల?" అని అడిగాడు. జవాబు లేనిదల్లా కొట్టేయించాడు. ట్యాగు చూసినవాడు కదలకపోతే అది అలంకారమేనని ఆయన లెక్క. చివరికి నాలుగు మిగిలాయి. పాస్, ఫెయిల్, నడుస్తోంది, నడవలేదు.

"ఇంకోటి. పాస్ అన్నది ఎంతసేపు చెల్లుతాది?"

"అంటే?"

"నిన్న కొలిచిన కొలత నిన్నటిదే పాపా. ఇంతసేపు మళ్ళీ కొలవకపోతే పచ్చ దానంతట అదే ఊడిపోవల్ల."

చైత్ర పది నిమిషాలు అని రాసింది. పది నిమిషాల్లో కొత్త ఫలితం రాకపోతే ఆ గడి "నడవలేదు"లోకి జారి బూడిదరంగుకి మారుతుంది. సాయంత్రానికల్లా రాయడం అయిపోయింది. దర్శన్ ఒప్పుకుంటేనే బోర్డు మీదికి ఎక్కాలి. కరెంటు కథ చెప్పబోయేవాడు ఎందుకు ఒప్పుకుంటాడు?

ఆదివారం సొన్నమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే సంగతంతా చెప్పాడు. ఆమె చెయ్యి ఆగలేదు.

"నిన్నెవరైనా అడిగినారా?"

"లేదు."

"అడగనిదానికి యాల చెప్పేది? నోరు మూసుకుని కాఫీ ఇయ్యి. చెప్తే తీసేస్తారు."

"ఆ బోర్డు అట్లే ఉంటాదే."

"ఉండనీ. నీ అబ్బ సొత్తా?"

ఆమె అన్నది నిజమే.

సోమవారం లిఫ్టు పనిచేయలేదు. వెంకటగిరియప్ప నొప్పి మోకాళ్ళతో మూడంతస్తులెక్కి వచ్చాడు, కోపం అంతస్తుకింత పెంచుకుంటూ. టీవీ ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు. దర్శన్ గొంతు సవరించుకుని, పండగ రోజు కరెంటు పోయిందని, అందుకే పరీక్షలు నడవలేదని, చాలా సారీ అని చెప్పాడు.

వెంకటగిరియప్ప టీవీ వైపు చెయ్యి చూపించాడు. "కరెంటు పోతే బోర్డు ఆరిపోవల్ల కదప్పా. నువ్వు పచ్చగా ఉండాది అన్యావే."

దర్శన్ మింగలేక కక్కలేక నిలబడ్డాడు. రామాంజినప్ప చేతిలో ట్రే ఉంది. ఇంకో పదడుగులు వేస్తే పాంట్రీ, తలుపు, క్షేమం. పదడుగులు వేయలేకపోయాడు.

"కరెంటు పోలేదు సార్. ఆ మెషీన్ నేను ఆపినా."

"యాల?"

"ఆయుధపూజకి. రెండు దినాలు రెస్టు ఇచ్చినా."

వెంకటగిరియప్ప ఆయన్ని కిందికీ పైకీ చూశాడు. "నేనూ చేసినా పూజ. ముప్పై బస్సులకి. ఆపితే జనం ఊర్లకి ఎట్ల పోతారు? నిమ్మకాయలు తొక్కించి తోలినాం."

"మీది బస్సు బుద్ధి సార్, నాది లేత్ బుద్ధి. అది ఏం చేస్తాందో ఎవర్నీ అడక్కుండా ఆపినా. తప్పు నాదే." ఆయన ట్రే కింద పెట్టాడు. "కానీ నేను పరీక్షని ఆపినా. పరీక్ష లేకపోయినా పాస్ అన్నది నేను కాదు."

చైత్ర దగ్గింది. ఆ దగ్గుకి అందరూ దర్శన్ వైపు తిరిగారు. దర్శన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆ లైను నేను రాసింది" అన్నాడు.

"మరి ఇప్పుడు?" అన్నాడు వెంకటగిరియప్ప.

"కొత్తది రెడీగా ఉంది సార్" అంది చైత్ర, దర్శన్‌నే చూస్తూ. ఇంకేం మిగిలింది కనక. దర్శన్ పెట్టమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె మీట నొక్కింది. గోడ మీద నలభై పచ్చ గళ్ళు ఒక్కసారి రెపరెపలాడాయి. మళ్ళీ కుదురుకునేసరికి ఇరవై తొమ్మిది పచ్చ, పదకొండు బూడిదరంగు. పెట్టె ఆన్‌లోనే ఉంది, కరెంటూ ఉంది. ఆ పదకొండు పరీక్షలు నెలల తరబడి నడవకుండానే పాసవుతున్నాయి. ఒకటైతే పద్నాలుగు నెలలు. ఇంకొకటి పుట్టినప్పట్నుంచీ ఒక్కసారి కూడా నడవలేదు. అది వెంకటగిరియప్పదే. ఆడమనిషి పక్క సీటు ఆడవాళ్ళకే ఇస్తోందా అని చూడాల్సిన పరీక్ష.

వెంకటగిరియప్ప ఆ బూడిద గడిని చూస్తూ చూస్తూ పొట్ట ఊగేలా నవ్వాడు. "ఇన్ని దినాలకి మీ గోడ నిజం చెప్పింది" అన్నాడు. "ఆ పదకొండూ నడిపించి చూపించండి. ఒక నెల చూస్తా, ఆమీట మాట్లాడుకుందాం." వెళ్తూ వెళ్తూ రామాంజినప్ప దగ్గర ఆగి, కాఫీ చల్లారిపోయింది, ఇంకోటి కావాలన్నాడు.

ఆ రోజు నుంచి రామాంజినప్ప ఫిర్యాదు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. దర్శన్ ఏమీ అనలేదు. తిట్టలేదు, పిలవలేదు. నెలాఖరుకి ఏజెన్సీ ఫారం వచ్చింది. పని బాగుంది, పని బాగాలేదు అని రెండు గళ్ళు, కింద మేనేజరు సంతకం. దాన్ని కవర్లో పెట్టి పంపాల్సింది రామాంజినప్పే. కవర్ అతికించబోతూ చూశాడు. సంతకం ఉంది. రెండు గళ్ళూ ఖాళీ.

జిగురు రాసి పంపేస్తే ఆ సంగతి అంతటితో పోతుంది. ఆయనకి అది బాగా తెలుసు. సొన్నమ్మ మొహం కళ్ళముందు మెదిలింది. ఒక నిమిషం అక్కడే నిలబడి, తన బుద్ధిని తానే తిట్టుకుని, దర్శన్ గది తలుపు తట్టాడు.

"సార్, గళ్ళు ఖాళీగా ఉండాయి."

"తెలుసు. ఖాళీగా ఉంటే వాళ్ళు కంప్లైంట్ లేనట్టే తీసుకుంటారు. మీ జాబ్‌కి ఏం కాదు, పంపేయండి."

"మళ్ళీ అదే లైను రాసినారు సార్."

దర్శన్ తలెత్తాడు. "బాగుందని కొడితే అబద్ధం. బాగాలేదని కొడితే మిమ్మల్ని తీసేస్తారు. నన్నేం చేయమంటారు రామాంజినప్ప గారూ?"

"చూసి రాయండి." ఆయన ఫారం బల్ల మీద పెట్టాడు. "ఈ పని పోతే నాకు ఇంకోటి దొరకదు సార్, భయంగానే ఉండాది. కానీ చూడకుండా పాస్ చేస్తే, రేపు నేను ఎవర్ని అడగల్ల, చూసినావా అని?"

దర్శన్ ఫారం లాక్కున్నాడు. బాగాలేదు అన్న గడిలో టిక్కు కొట్టి, పక్కన ఆ రెండు తేదీలు వేశాడు. రామాంజినప్ప కళ్ళు మూసుకున్నాడు. దర్శన్ స్కేలు తీసి ఆ రెండు గళ్ళ కింద ఇంకో గడి గీశాడు. అందులో చిన్న అక్షరాలతో, కుదరక అంచుల్లోకి కూడా పాకించి, రాశాడు. తన తప్పు తనే చెప్పారు. మా తప్పు కూడా పట్టించారు. మళ్ళీ చూశాను. ఈయన మాకు కావాలి.

మర్నాడు ఏజెన్సీ నుంచి ఫోన్. రామాంజినప్ప కప్పు పట్టుకుని గదిలోనే ఉన్నాడు, దర్శన్ స్పీకర్ ఆన్ చేశాడు. మా ఫారంలో అలాంటి గడి లేదు సార్, మా కంప్యూటర్ రెండింట్లో ఒకటే తీసుకుంటుంది, ఎట్ల చేయాలి అని అవతలి మనిషి గొణుగుతున్నాడు.

"అయితే మూడోది పెట్టించండి" అన్నాడు దర్శన్. "ఎట్ల పెట్టాలో తెలీకపోతే మా దగ్గర ఒకాయన ఉన్నారు, పంపిస్తాను. సాయంత్రానికి మాత్రం తిరిగి పంపేయాలి."